కిరీటం తలకిందులైన ఉంగరం

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర ఒక సందులో బంగారు పని చేసుకునే కంసాలిని. వయసు అరవై మూడు. పదహారో ఏట పీట ముందు కూర్చున్నాను, ఇంకా లేవలేదు. మీ పత్రిక మా నాన్నగారి కాలం నుంచి మా ఇంటికి వస్తోంది. ఇన్నేళ్ళలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పొడుగైందనిపిస్తే కత్తిరించుకోండి. కాకపోతే కత్తిరించి అతికేటప్పుడు అతుకు కనబడనివ్వకండి. మా పనిలో అతుకు కనబడితే మజూరీ ఇవ్వరు.

రెండు వారాల కిందట ఆదివారం పేజీలో మీరు ఐర్లండ్ ఉంగరం గురించి ఒక వ్యాసం వేశారు. రెండు చేతులు ఒక గుండెను పట్టుకుని ఉంటాయి, గుండె మీద కిరీటం. అది వెయ్యేళ్ళ నాటి మంత్రపు ఉంగరమనీ, సరైన వైపు తిప్పి పెట్టుకుంటే అదృష్టం, ధనం కలిసివస్తాయనీ రాశారు. రాసినవారు ఎవరో నాకు తెలియదు, వారి మీద కోపం కూడా లేదు. కానీ ఆ సోమవారం నుంచి నా పీట ముందు జరిగింది మీకు తెలియాలి.

మొదట స్థలాలు అమ్మే ఒక పెద్దమనిషి వచ్చాడు. మీ పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో తెచ్చుకున్నాడు. పన్నెండు గ్రాముల్లో చెయ్యమన్నాడు. మజూరీ ఎంత అని అడగలేదు, తరుగు ఎంత అని అడగలేదు. "ఆచారీ, గుండె మొన నావైపు ఉంటే డబ్బు లోపలికి వస్తుందా, బయటికి ఉంటే వస్తుందా?" అని అడిగాడు. ఆయన వేలికి అప్పటికే తాబేలు ఉంగరం ఉంది. తాబేలు తల మనవైపు ఉంటే లక్ష్మి ఇంట్లోకి నడిచివస్తుందని ఎవరో చెప్పిన రోజు నుంచి ఈ ఊళ్ళో సగం మంది వేళ్ళ మీద తాబేళ్ళు పాకుతున్నాయి. నేనే యాభైకి పైగా చేశాను, అబద్ధమెందుకు చెప్పాలి. ఇంకొకాయన కిరీటం తీసేసి ఆ చోట నామాలు పెట్టమన్నాడు. మరో అమ్మాయి గుండెలో కెంపు పొదిగితే శుక్రదోషం పోతుందా అని అడిగింది. ముగ్గురినీ పంపించేశాను. పని వద్దని పంపించేంత బేరం నాకేమీ లేదు. కానీ నా పీట మీదికి అంతకు నెల రోజుల ముందే ఒక అసలు ఐర్లండ్ ఉంగరం వచ్చింది. దాన్ని కంటి అద్దం పెట్టి గంటసేపు చూసినవాడిని. అందుకే మీ వ్యాసం నాకు మింగుడుపడలేదు.

ఆ ఉంగరం తెచ్చినావిడది పాకాల. ఆమె పెళ్ళికి పుస్తెలు చేసింది నేనే. ఆమె కూతురు నర్సు చదివి, ఇప్పుడు ఐర్లండ్ పడమటి తీరంలో గాల్వే అనే ఊళ్ళో ఆసుపత్రిలో పనిచేస్తోంది. మొదటి ఏడాది మిగిలిన జీతంలో అమ్మకు వెండి ఉంగరం కొని పంపింది. అమ్మ వేలికి అది పట్టలేదు. ఆ వేలు ఎప్పుడో విరిగితే పుత్తూరు కట్టు వేయించుకుంది. ఎముక అతికింది గానీ కణుపు లావైపోయింది. ఉంగరం కణుపు దాటదు, దాటేంత పెద్దది చేస్తే వేలి మొదట్లో వదులై గిరగిరా తిరుగుతుంది. ఇలాంటి వేళ్ళు చూసినప్పుడు కంసాలికి తలనొప్పి మొదలవుతుంది.

లోపలి వైపు చూస్తే చీమ కాళ్ళంత గుర్తులు. 925 అనే అంకె. కిరీటం పెట్టిన హార్ప్, అంటే వాళ్ళ నిలువు తంత్రుల వాద్యం. పక్కన కూర్చున్న ఒక స్త్రీ. అవి డబ్లిన్‌లో పరీక్ష చేసి వేసే ముద్రలని ఆ అమ్మాయి తర్వాత ఫోనులో చెప్పింది. డబ్లిన్ కంసాలుల సంఘానికి రాజుగారి పట్టా వచ్చింది 1637లో. మన దేశంలో బంగారానికి హాల్‌మార్కు తప్పనిసరి చేసింది 2021 జూన్ 16 నుంచి, అదీ మొదట 256 జిల్లాల్లో. ఇందులో ఎవరినీ తక్కువ చేయడం లేదు. మన దగ్గర గీటురాయి, కంసాలి మాట, ఈ రెండే ముద్రలుగా చాలాకాలం నడిచింది. ఆ మాట ఎంత చెల్లిందన్నది మీ ఇళ్ళలో ఆడవాళ్ళను అడగండి.

తర్వాత నాలుగు ఆదివారాలు ఆ అమ్మాయితో ఫోనులో మాట్లాడాను. మా మనవడు ఇంగ్లీషు పుస్తకాలు వెతికి తెలుగులో చదివి వినిపించాడు. అలా తెలుసుకున్నవి మీ వ్యాసం పక్కన పెట్టి చూస్తే ఒక్క తూకం కూడా కుదరలేదు.

ముందు పేరు. మీరు "క్లడ్డాగ్" అని అచ్చు వేశారు. అక్కడివాళ్ళు "క్లాడా" అంటారు. చివరి గకార హకారాలు రాతలో ఉంటాయి, నోట్లో ఉండవు. వాళ్ళ ఐరిష్ భాషలో ఆ మాటకు రాళ్ళ తీరం అని అర్థం. గాల్వే పాత కోటగోడకు బయట, కొరిబ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న జాలర్ల పల్లె అది. గోడ లోపల వర్తకులు, అందులో పేరున్న కుటుంబాలు పద్నాలుగు. గోడ బయట ఐరిష్ మాట్లాడే చేపల వాళ్ళు. వాళ్ళకు వాళ్ళు ఎన్నుకున్న రాజు ఒకడుండేవాడు. రాజు అంటే పల్లకి, వింజామరలు కాదు. అందరితోపాటు వేటకు పోయేవాడే, కాకపోతే ఆయన పడవకు తెల్ల తెరచాప. ఆడవాళ్ళు చేపలు గంపకెత్తుకుని నది దాటి స్పానిష్ ఆర్చ్ దగ్గర సంతలో అమ్మేవారు. నెల్లూరు వైపు రేవుల్లో మనం చూసే దృశ్యమే.

ఇక వెయ్యేళ్ళ సంగతి. చేయి చేయి పట్టుకున్న బొమ్మతో ఉంగరాలు రోమన్ల కాలం నుంచీ ఉన్నాయి, ఒప్పుకుంటాను. ఇటలీ వాళ్ళు వాటిని "మానీ ఇన్ ఫేదే" అన్నారు, అంటే నమ్మకంతో కలిపిన చేతులు. మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు. మన పెళ్ళిలో పాణిగ్రహణం అంటే అదే కదా. మధ్యయుగాల్లో యూరప్ అంతా ఆ ఉంగరాలు పెట్టుకుంది. తర్వాత వాటిలో ఒక తమాషా రకం వచ్చింది. రెండు మూడు సన్నని వలయాలను ఒక శీల మీద తిరిగేట్టు కలుపుతారు. మూస్తే ఒకే ఉంగరం, రెండు చేతులు కలిసి కనబడతాయి. తెరిస్తే చేతులు విడిపోయి లోపల దాగిన గుండె బయటపడుతుంది. బొమ్మ చూసినప్పటి నుంచి అలాంటిది ఒకటి చెయ్యాలని నా చేతులు దురద పెడుతున్నాయి. ఆ శీల దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా చేతులు కలవవు.

చేతులు, గుండె, కిరీటం మూడూ కలిసి ఈ రూపంలో గాల్వేలో తయారైనవాటిలో మిగిలిన పాతవి 1700 ప్రాంతానివి. అంటే మూడు వందల ఏళ్ళ పైచిలుకు. వెయ్యి ఎక్కడ, మూడు వందలు ఎక్కడ? "క్లాడా ఉంగరం" అన్న పేరయితే ఇంకా చిన్నది. 1830లకు ముందు ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఉంగరం చేసింది గోడ లోపలి కంసాలులు, పేరు వచ్చింది గోడ బయటి జాలర్లకు. మన కథలో శకుంతల ఉంగరం కూడా రాజుగారిదే, దొరికింది మాత్రం జాలరికి. అతన్ని ముందు దొంగ అని చితకబాదారు. క్లాడా జాలర్లకు దెబ్బలు పడకుండా పేరు దక్కింది. ఎందుకంటే దాన్ని రోజూ పెట్టుకుని తిరిగింది వాళ్ళు. అక్కడ తల్లి తన ఉంగరాన్ని పెద్దకూతురికి ఇచ్చే ఆచారం ఉండేది. ఆ ఇళ్ళలో బంగారం అంటే అదొక్కటే అనుకోండి, అప్పుడు దాని బరువు తెలుస్తుంది.

గద్ద కథ కూడా మీరు చరిత్ర అన్నట్టే వేశారు. మార్గరెట్ జాయిస్ అనే ఆవిడ స్పెయిన్ వర్తకుణ్ణి పెళ్ళాడి, ఆయన పోయాక వచ్చిన డబ్బుతో వంతెనలు కట్టించిందనీ, ఆ పుణ్యానికి ఒక గద్ద ఆకాశం నుంచి ఈ ఉంగరాన్ని ఆమె ఒళ్ళో వదిలిందనీ. నేను తిరుపతివాడిని. ఏటా గరుడసేవ రోజు కొండ మీద జనం చూసినవాడిని. పక్షి దేవుణ్ణి మోస్తుందంటే చేతులు జోడించేవాణ్ణి, ఉంగరం మోసిందంటే ఎగతాళి చేస్తానా? కథను కథగా చెప్పండి, అంతే. గద్ద ఇచ్చిందంటే చేసిన మనిషి మాయమైపోతాడు. నా బాధ అక్కడ.

చేసిన మనిషి కథ మీ వ్యాసంలో రెండు వాక్యాల్లో ముగిసింది. నేను దాన్ని కొంచెం సాగదీస్తాను.

అదే జాయిస్ కుటుంబంలో రిచర్డ్ జాయిస్ అనే కుర్రాడు. పద్నాలుగు వర్తక కుటుంబాల్లో వాళ్ళదొకటి. వెస్టిండీస్ దీవులకు ఓడలో పోతుంటే ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ సముద్రపు దొంగలు పట్టుకుని బానిసగా అమ్మేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. 1631లో ఐర్లండ్ దక్షిణ తీరంలో బాల్టిమోర్ అనే పల్లె మీద అర్ధరాత్రి పడి వందమందికి పైగా ఆడా మగా పిల్లలను అల్జీర్స్‌కు పట్టుకుపోయారు. జాయిస్‌ను కొన్నది ఒక కంసాలి. కుర్రాడి చేతిలో పనితనం చూసి తన విద్య నేర్పాడు. 1689లో ఇంగ్లండ్ గద్దె ఎక్కిన మూడో విలియం తన ప్రజలను విడిచిపెట్టమని అల్జీర్స్‌కు కబురు పెట్టాడు. అప్పటికి పద్నాలుగేళ్ళయిందట. యజమాని జాయిస్‌ను వదులుకోలేక, ఉండిపోతే తన ఒక్కగానొక్క కూతుర్నీ సగం ఆస్తినీ ఇస్తానన్నాడు. జాయిస్ వద్దని గాల్వే వచ్చేసి అక్కడే కంసాలి దుకాణం పెట్టాడు. ఈ కథను జేమ్స్ హార్డిమన్ అనే ఆయన గాల్వే చరిత్రలో రాశాడు, ఆ పుస్తకం అచ్చయింది 1820లో. అంటే జరిగిన నూటముప్పై ఏళ్ళకు. కాబట్టి కూతురు, సగం ఆస్తి అన్నచోట నేనైతే కొంచెం తరుగు తీసి లెక్క వేసుకుంటాను. కానీ మనిషి మాత్రం నిజం. ఆయన చేసిన ఉంగరాల మీద లంగరు గుర్తు, పక్కన ఆర్, ఐ అనే అక్షరాలు ఉన్నాయి. జే బదులు ఐ చెక్కడం అప్పటి వాడుక.

ఈ కథ చెప్పిన ప్రతివారూ ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న ప్రేయసిని చేర్చి ముగిస్తారు. మీ వ్యాసం కూడా అంతే. ప్రేయసి ఉంటే ఉండనివ్వండి. నాకు మాత్రం ఆ అల్జీర్స్ కంసాలి మీదే మనసు పోతోంది. డబ్బు పెట్టి కొన్న బానిసకు కుంపటి ఊదే పని ఇచ్చి ఊరుకోవచ్చు. మూస ఎప్పుడు దించాలో, పుటం ఎన్నిసార్లు వేయాలో, వెలిగారం ఎంత చల్లాలో నేర్పనక్కర లేదు. కన్నకొడుక్కి తప్ప ఇంకొకరికి చెప్పని సంగతులు ప్రతి కంసాలి ఇంట్లోనూ ఉంటాయి. ఆయన చెప్పాడు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఒక "మూర్ కంసాలి", అంటే ఉత్తర ఆఫ్రికా ముస్లిం కంసాలి, అంతే. బానిసను కొన్నవాడు, కాబట్టి పొగడను. విద్య దాచుకోనివాడు, కాబట్టి తిట్టలేను.

నాకు పని నేర్పింది కూడా మా నాన్న కాదు. ఆయన నన్ను వేలూరు నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడిన ఒక ఆచారి దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన మొదటి రెండేళ్ళూ నాకు బంగారం ముట్టనివ్వలేదు. రాగి కమ్మి సాగదీయడం, ఆకురాయి పట్టడం, పొయ్యి బూడిద జల్లించి రవ్వంత పొడి కూడా పోకుండా ఏరడం. మూడో ఏట మైనం ఇచ్చి అమ్మవారి చెయ్యి చెయ్యమన్నాడు. అభయహస్తం. వేళ్ళు కలిసిపోయి పారలా వచ్చింది. నలిపి ముద్ద చేసి నా ముందే పెట్టాడు. ముఖం తప్పు వస్తే జనం భక్తితో సర్దుకుంటారు, చెయ్యి తప్పు వస్తే సర్దుకోరు అనేవాడు. ఆయన చేసిన హారాలు ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో. ఒక్కదాని మీద కూడా ఆయన గుర్తు లేదు. నావాటి మీద నాదీ లేదు. ఇప్పుడు హాల్‌మార్కు నగ మీద ఆరు అంకెలూ అక్షరాలూ కలిపిన సంఖ్య వేస్తున్నారు. దానితో నగ వివరాలు తెలుస్తాయి, చేసిన చెయ్యి తెలియదు.

అందుకే పాకాల ఆవిడ ఉంగరంలో నేను ముందు చూసింది చేతులే. పోత పని. మొన దగ్గర పోత అచ్చు గీత సన్నగా మిగిలి ఉంది, మెరుగు పెట్టినవాడు తొందరపడ్డాడు. కుడి చెయ్యి బొటనవేలు గుండె మీదికి వచ్చి ఆనింది, ఎడమ చెయ్యి బొటనవేలు ఆనలేదు, గాల్లో ఉంది. చొక్కా చేతుల మడతల్లా మణికట్టు దగ్గర రెండు గీతలు. కిరీటానికి ఐదు మొనలు, ఒకటి కొంచెం వంగింది. మా గురువు చూసి ఉంటే ముద్ద చేసేవాడు. నాకు మాత్రం ఆ ఆనని వేలు బాగుంది.

గుండె అంటే ప్రేమ, చేతులు అంటే స్నేహం, కిరీటం అంటే మాట తప్పకపోవడం. ఇది మీరు సరిగ్గానే రాశారు. కిరీటం దగ్గర మాత్రం మన జనానికి తికమక వస్తుంది. మన ఊళ్ళో కిరీటం అంటే ఒక్కటే. 1513లో కృష్ణదేవరాయలు కొండకు వచ్చి స్వామికి నవరత్న కిరీటం సమర్పించాడని శాసనమే ఉంది. కిరీటం పెడితే దేవుడికి పెట్టాలి, కాకపోతే రాజు పెట్టుకోవాలి. వాళ్ళు దాన్ని గుండెకు పెట్టారు. అక్కడా అందరూ ఒప్పుకోలేదు సుమా. ఇంగ్లండ్ కిరీటం కింద ఉండలేమన్న ఐర్లండ్ వాళ్ళ కోసం డబ్లిన్‌లో కిరీటం లేని ఉంగరం తయారైంది. రెండు చేతులు, గుండె, అంతే. కిరీటం తీసి నామాలు పెట్టమన్న పెద్దమనిషికి ఈ సంగతి చెప్పాను. ఆయన విని, "అయితే తీసెయ్యొచ్చన్నమాట" అన్నాడు!

1845 నుంచి అక్కడ బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువు వచ్చింది. దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచారు. ఈ ఉంగరం అమెరికాలో ఇల్లు కట్టుకున్నది అలా పోయినవాళ్ళ వేళ్ళ మీదనే. కరువు రోజుల్లో ఉంగరం చివరికి ఏమవుతుందో రాయలసీమవాళ్ళకు చెప్పాలా. మా నాన్న పీట మీదికి వచ్చిన పుస్తెలు ఎన్ని తిరిగి పోయాయో, ఎన్ని కరిగిపోయాయో నేను చూశాను. క్లాడా పల్లె కూడా ఇప్పుడు లేదు. పూరి కప్పు ఇళ్ళన్నీ 1930లలో పడగొట్టి వరస ఇళ్ళు కట్టారు. ఆ అమ్మాయి తన ఆసుపత్రి సెలవు రోజున అక్కడికి పోయి ఫోటో పంపింది. నీళ్ళలో హంసలు, గట్టు మీద మామూలు ఇళ్ళు. ఉంగరం మాత్రం ఊళ్ళో ప్రతి దుకాణం అద్దంలోనూ ఉందట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఉంగరం ఎటు పెట్టుకోవాలన్నదానికి మీరు ఒక పట్టిక వేశారు. కుడి చేతికి, మొన గోటివైపు ఉంటే ఒంటరి. కుడి చేతికే, మొన మణికట్టు వైపు ఉంటే మనసు ఇచ్చేసిన మనిషి. ఎడమ చేతికి, మొన గోటివైపు ఉంటే నిశ్చితార్థం అయింది. ఎడమ చేతికి, మొన మణికట్టు వైపు ఉంటే పెళ్ళయింది. ఇది అక్కడ వాడుకలో ఉన్నదే. తాబేలు తలకూ దీనికీ సంబంధం లేదు. ఎదుటివాడికి తన సంగతి నోరు విప్పకుండా చెప్పడానికి పెట్టుకున్న ఏర్పాటు, మన మట్టెల్లాగా. మట్టెలు చూసి పెళ్ళయిందని తెలుసుకుంటాం గానీ, మట్టెలు పెట్టుకుంటే డబ్బు వస్తుందని ఎవరైనా అంటారా?

మీ వ్యాసం వచ్చిన వారమే పాకాల ఆవిడ ఉంగరం తీసుకుపోవడానికి వచ్చింది. పేపరు చూపించి, "ఆచారీ, ఇందులో నాలుగు రకాలు రాశారు. భర్త పోయినవాళ్ళు ఎటు పెట్టుకోవాలో రాయలేదే" అంది.

ఆమె భర్త పోయి ఆరేళ్ళు. నేను చేసిన పుస్తెలే నా దగ్గరికి తెచ్చి, కరిగించి కూతురికి గొలుసు చెయ్యమంది అప్పుడు. మట్టెలు తీసేసింది. ఆరేళ్ళుగా ఒంటి మీద చెవి కమ్మలు తప్ప లోహం లేదు. కూతురు పంపింది కదా అని పెట్టుకుందామనుకుంది. పేపరు చదివాక భయం పట్టుకుంది. ఎడమ చేతికి పెడితే పెళ్ళయినదాని లెక్క, పెట్టకూడదేమో. కుడి చేతికి మొన బయటికి పెడితే ఒంటరి అని చాటుకున్నట్టు, ఊళ్ళో నవ్వుతారేమో. పాకాలలో ఐరిష్ ఉంగరం చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉంటారమ్మా అన్నాను. "ఈ పేపరు పాకాలకు కూడా వస్తుంది" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మనవడి చేత వెతికించాను, ఫోనులో కూతుర్ని కూడా అడిగాను. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇక్కడ అమ్మ కూతురికి ఇస్తుంది తాతా. నేను తిరగేసి చేశాను. దానికి కూడా ఇక్కడ లెక్క లేదు" అంది.

పని సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఎవరైనా ఇలాంటి ఉంగరం తీసుకుని ఏ కంసాలి దగ్గరికైనా పోతే పనికొస్తుంది. ఈ ఉంగరాన్ని చేతుల దగ్గర కోయనివ్వకండి, బొమ్మ సాగి బొటనవేళ్ళు గుండెను వదిలేస్తాయి. వెనక వైపు కోయాలి, అక్కడా లోపలి ముద్రలు తప్పించి. నేను ముద్రకు నూలుపోగంత ఎడంగా సన్న రంపంతో కోసి, వరిగింజ పొడుగు వెండి ముక్క చేర్చి, వెలిగారం పూసి అతికాను. సెగ తగిలి వెండి నల్లబడింది. చింతపండు నీళ్ళలో మరిగించి, కుంకుడు రసంతో కుంచె పెట్టి రుద్దితే తెల్లబడింది. పూర్తిగా మెరిపించలేదు. గీతల్లో కొంచెం నలుపు ఉంచాను, లేకపోతే వేళ్ళు విడివిడిగా కనబడవు. కణుపు దాటాక వదులు కాకుండా లోపల అడుగున రెండు చిన్న బుడిపెలు పెట్టాను. పాత వేళ్ళకు మా గురువు వాడిన ఉపాయం అది. పోత గీతను ఆకురాయితో తీసేశాను. ఆనని బొటనవేలు జోలికి పోలేదు.

మీకు నా మనవి ఏమిటంటే, వచ్చే ఆదివారం ఎక్కడో ఒక మూల నాలుగు వాక్యాలు వేయండి. అది వెయ్యేళ్ళది కాదు, గాల్వేలో 1700 ప్రాంతం నుంచి చేస్తున్నది. పేరు క్లాడా. ధనంతో దానికి పని లేదు. రిచర్డ్ జాయిస్ అనే కంసాలి పేరు కూడా పడితే సంతోషిస్తాను. ఇంకొక్కటి. మీరు వేసిన ఫోటో తలకిందులైంది. కిరీటం అడుగున, గుండె మొన పైకి వచ్చింది. ఈసారి వేస్తే కిరీటం పైకి ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక కంసాలి,
తిరుపతి.

తా.క.: ఉత్తరం మడిచి కవరులో పెడుతుంటే పాకాల ఆవిడ మళ్ళీ వచ్చింది, కమ్మ మర ఊడి ఎక్కడో పడిపోయిందని. ఉంగరం కుడి చేతికి ఉంది, మొన మణికట్టు వైపు. ఏ లెక్కన పెట్టుకున్నారమ్మా అని అడిగాను. చెయ్యి చాచి వేలు తనే చూసుకుంటూ, "లెక్కేముంది ఆచారీ, ఇటు పెట్టుకుంటేనే నాకు కిరీటం పైకి కనబడుతోంది" అంది. మరకు ముప్పై రూపాయలు తీసుకున్నాను.